వేడి మీద స్టార్ట్ కాదు, గుప్పున పెట్రోల్ వాసన: 1978 చెవీ సి10 పికప్

డెంటన్_మేకలు:
అందరికీ నమస్కారం. డల్లాస్‌కి ఉత్తరాన కొంచెం స్థలం, నాలుగు మేకలు ఉన్నాయి, ఆ పనుల కోసం పాత పికప్ ఒకటి కొన్నాను. 1978 చెవీ సి10, 350 వీ8 ఇంజన్, పైన నాలుగు బ్యారెళ్ల రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంటుంది, రోడ్డు మీద కూడా బాగానే లాగుతుంది. బాధంతా ఎక్కడంటే, దాణా కొట్టు దగ్గర ఆపి ఓ పావుగంటలో తిరిగొచ్చి తాళం తిప్పితే పలకదు. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ వాసన గుప్పుమంటుంది, చివరికి ఎలాగో అందుకున్నా నల్లపొగ కక్కి కాసేపు వణుకుతుంది. గంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. కార్బ్యురేటర్ మొత్తం విప్పి కిట్ వేయాలని ఒక మెకానిక్, కొత్తది కొనేయమని ఇంకొకతను. డబ్బు పెట్టేముందు నేనే చూసుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా? స్పానర్లు పట్టడం వచ్చు, కార్బ్యురేటర్ లోపల మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

ఇంజెక్షనే_బెటర్:
అన్నా, ఆ కార్బ్యురేటర్ పీకేసి త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మేది) పెట్టేయ్. వెయ్యి డాలర్ల పైమాటే కానీ ఈ టెన్షన్ ఉండదు.

పాత_ఇనుము:
మేకల దాణా తెచ్చుకోవడానికి అంత ఖర్చెందుకండీ, ముందు జబ్బేంటో తేలనివ్వండి.

సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? ఈ ఇంజన్‌కి సెల్ఫ్ మోటార్ ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది, వేడెక్కితే మూలుగుతూ తిరుగుతుంది లేదా క్లిక్‌మని ఆగిపోతుంది. మీది చురుగ్గా తిరుగుతుంటే దాని జోలికి పోవద్దు. తర్వాత స్పార్క్. 1978 బండి కాబట్టి హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే ఎలక్ట్రానిక్ రకం) ఉంటుంది, దాని లోపలి చిన్న మాడ్యూల్ పాతబడితే వేడికి చచ్చిపోయి చల్లారాక మళ్లీ బతుకుతుంది. స్పార్క్ లేకుండా సెల్ఫ్ కొడుతుంటే మండని పెట్రోల్ వాసన ఎలాగూ వస్తుంది, జనం ఆ వాసన చూసి నిక్షేపంలాంటి కార్బ్యురేటర్‌ని విప్పి పాడుచేస్తారు. అందుకని స్టార్ట్ కాని సమయంలోనే స్పార్క్ టెస్టర్ పెట్టి చూడండి, కార్బ్యురేటర్‌కి దూరంగా, అక్కడ ఆవిరి ఉంటుంది.

ఈ రెండూ బాగుంటే అసలు పరీక్ష ఇది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, వెంటనే ఎయిర్ క్లీనర్ తీసేసి, టార్చి వేసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ పది పదిహేను నిమిషాలు అక్కడే ఉండండి. సిగరెట్ దగ్గరికి రానివ్వకండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజన్ ఆగాక ఆ నాజిళ్ల నుంచి చుక్క కూడా పడకూడదు. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె బౌల్, అందులో తేలే బెండు ఫ్లోట్, బౌల్ నిండగానే ఫ్లోట్ పైకి లేచి నీడిల్ అనే సూదితో పెట్రోల్ దారి మూస్తుంది. ఆపిన క్షణం నుంచే కారుతుంటే ఫ్లోట్ లెవెల్ ఎక్కువైనట్టు, లేదా నీడిల్ సీటులో చెత్త చేరి మూసుకోనట్టు. క్వాడ్రాజెట్‌లో ఫ్లోట్ గట్టి నురగలాంటి ప్లాస్టిక్‌ది, ఏళ్ల తరబడి పెట్రోల్ పీల్చి బరువెక్కుతుంది, తేలాల్సినంత తేలదు, బౌల్ పొంగిపోతుంది. అయితే ఫ్లోటే కారణమైతే మామూలుగా నడిచేటప్పుడు కూడా ఐడిల్ గతుకులు గతుకులుగా ఉండాలి, మీరేమో బాగానే నడుస్తోందంటున్నారు. ఆపగానే ఏమీ లేకుండా కొన్ని నిమిషాల తర్వాత బుడబుడమని చప్పుడొచ్చి చుక్కలు మొదలైతే, బౌల్‌లో పెట్రోల్ మరుగుతోందన్నమాట. అసలేమీ పడకుండా, త్రాటిల్ చేత్తో తిప్పినా సన్నధార రాకపోతే బౌల్ ఖాళీ, అప్పుడు కథే వేరు.

ఈలోగా స్టార్ట్ చేయాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. మాటిమాటికీ తొక్కితే తొక్కినప్పుడల్లా లోపలి పంపు ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. పూర్తిగా తొక్కి పడితే గాలి బాగా వెళ్తుంది, చోక్ (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలిని తగ్గించే పలక) మూసుకుని ఉన్నా కొంత తెరుచుకుంటుంది. పది సెకన్లు కొట్టి ఆపండి, సెల్ఫ్ మోటార్‌ని చల్లారనివ్వండి. డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి, ఆయిల్లో పెట్రోల్ కంపు కొడితే ఆయిల్ మార్చకుండా తిప్పొద్దు.

బెజవాడ_బాబాయ్:
ఎండాకాలం మా అంబాసిడర్ ఇలాగే మొరాయించేది, ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ కప్పి నీళ్లు పోస్తే కదిలేది. ఆటోనగర్‌లో అందరూ చేసే వైద్యమే అది. మీరూ ఒకసారి చూడండి, లేదంటే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే సరి.

పాత_ఇనుము:
బాబాయ్ గారూ, తడిగుడ్డ పనిచేసేది పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరై కార్బ్యురేటర్‌కి అందనప్పుడు. ఇక్కడ వాసన, నల్లపొగ ఉన్నాయి, అంటే అందాల్సిన దానికంటే ఎక్కువే అందుతోంది. దీనికి ఎలక్ట్రిక్ పంపు పెడితే ఇంకా పొంగుతుంది. ఈ కార్బ్యురేటర్ 6 పీఎస్‌ఐ ఒత్తిడి దాటితే ఓర్చుకోదు, కొన్ని పంపులు అంతకంటే ఎక్కువే తోస్తాయి. పైగా యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగినా పంపు పోస్తూనే ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్ లేకుండా ఎవరూ పెట్టకండి.

డెంటన్_మేకలు:
ఆదివారం అంతా దీనితోనే సరిపోయింది, మా ఆవిడ ఆ బండినే పెళ్లి చేసుకోమంది. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతోంది, స్పార్క్ నీలంగా గట్టిగా ఉంది. ఇంజన్ ఆపగానే ఏమీ కారలేదు. కాసేపటికి మీరన్నట్టే లోపల బుడబుడలు, తర్వాత ముందున్న రెండు నాజిళ్ల నుంచీ చుక్కలు, కింద ఇన్‌టేక్ మానిఫోల్డ్ (పెట్రోల్, గాలి ఇంజన్‌లోకి పోయే గొట్టాల భాగం) అడుగు తడిసి మెరుస్తోంది. బాబాయ్ గారి తడిగుడ్డ కూడా వేశాను, తేడా లేదు. ఇంకోటి కనిపించింది, ఫ్యూయల్ పంపుకి మూడు ముక్కులుంటే ఒకదానికి రబ్బరు టోపీ తొడిగి క్లిప్పు బిగించారు. అది అలాగే ఉండాలా?

పాత_ఇనుము:
ఉండకూడదు. ఆ మూడోది ట్యాంకుకి వెనక్కి వెళ్లే సన్నపైపు. వేడికి పుట్టిన ఆవిరీ, మిగిలిన ఒత్తిడీ దాంట్లోంచి ట్యాంకులోకి పోవాలి. ఎవరో పైపు తుప్పు పట్టిందనో, హోస్ కొనే బద్ధకంతోనో మూసేశారు. దారి లేక ఇంజన్ ఆగాక ఆ ఒత్తిడి నీడిల్ మీద పడి పెట్రోల్‌ని బౌల్‌లోకి నెడుతుంది. చట్రం వెంట పాత పైపు ఉందో లేదో చూసి, ఊది తెరిచి ఉందని తేల్చుకుని, ఇథనాల్‌కి తట్టుకునే కొత్త హోస్‌తో కలపండి.

కానీ మరగడానికి అసలు వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి. కార్బ్యురేటర్ కింద ఇన్‌టేక్ మానిఫోల్డ్ గుండా ఎగ్జాస్ట్ పోయే అడ్డదారి ఒకటుంది, చలికాలం ఇంజన్ త్వరగా వేడెక్కాలని పెట్టింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివర ఒక వాల్వ్ ఉంటుంది, కొన్ని బండ్లలో స్ప్రింగు, బరువుతో, కొన్నింటిలో వాక్యూమ్ డబ్బాతో పనిచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఎగ్జాస్ట్‌ని ఆ అడ్డదారిలోకి మళ్లిస్తుంది, వేడెక్కాక తెరుచుకోవాలి. తుప్పుపట్టి మూసుకున్న చోటే బిగుసుకుంటే వేసవిలో కూడా కార్బ్యురేటర్ కింద పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆగితే ఫ్యాను, నీళ్లు అన్నీ ఆగిపోతాయి, ఆ వేడంతా పైకెక్కుతుంది. పెట్రోల్‌లో తేలిక భాగాలు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మొదలెడతాయి, ఇథనాల్ 78 దగ్గర మరుగుతుంది, ఆగిన ఇంజన్ మీద ఆ వేడి చాలా మామూలు. బండి చల్లగా ఉన్నప్పుడు ఆ వాల్వ్‌ని చేత్తో కదపండి, కదలకపోతే దొంగ దొరికినట్టే.

టక్సన్_రావు:
ఒక మాట కలుపుతాను. మార్చి, ఏప్రిల్‌లో ఒక్కసారిగా ఎండ కాసిన రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ, చాలామంది గమనించరు. చలికాలం పెట్రోల్ చలిలో అందుకోవడానికి త్వరగా ఆవిరయ్యేలా కలుపుతారు. బంకుల్లో వేసవి రకమే అమ్మాలన్న నిబంధన జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా. ట్యాంకులో ఇంకా ఆ చలికాలం పెట్రోలే పెట్టుకుని ఎండలో తిరిగితే మరగక ఏం చేస్తుంది?

డెంటన్_మేకలు:
వాల్వ్ శిలలా బిగుసుకుని ఉంది, అదీ మూసుకున్న స్థితిలోనే. తుప్పు వదిలే నూనె రాత్రంతా పోసి, సుత్తితో మెల్లగా తడుతూ అటూ ఇటూ తిప్పితే కదిలింది. వెనక్కి వెళ్లే పైపు ట్యాంకు దగ్గర మట్టితో పూడిపోయింది, శుభ్రం చేసి కొత్త హోస్ వేశాను. ఇప్పుడు దాణా కొట్టు దగ్గర ఆపి తిరిగొచ్చాక కాస్త ఎక్కువ సెల్ఫ్ పడుతోంది గానీ అందుకుంటోంది, నల్లపొగ లేదు. వాసన మాత్రం కొంచెం ఉంది. ఆ అడ్డదారి మొత్తం మూసే గ్యాస్కెట్ దొరుకుతుందట, వేయనా?

పాత_ఇనుము:
తొందరపడకండి. మీ చోక్‌కి స్ప్రింగు మానిఫోల్డ్ గుంటలో కూర్చుని ఉంటే దానికి వేడి ఆ అడ్డదారి నుంచే వస్తుంది. మూసేస్తే చోక్ తెరుచుకోవడానికి యుగం పడుతుంది, అప్పుడు ఎలక్ట్రిక్ చోక్ పెట్టుకోవాలి. దానికంటే కార్బ్యురేటర్ కింద అరంగుళం మందం ఉన్న ఫినోలిక్ స్పేసర్ (వేడిని పైకి రానివ్వని గట్టి ప్లాస్టిక్ దిమ్మ) వేయండి, మిగిలింది చాలావరకు పోతుంది. స్టడ్లు పొడవువి కావాలి, త్రాటిల్ రాడ్డు పూర్తిగా తెరుచుకుని వెనక్కి వస్తోందో లేదో చూడాలి. బానెట్‌కి తగులుతుందేమోనని అనుమానంగా ఉంటే, స్పేసర్ కొనకముందే ఎయిర్ క్లీనర్ నట్టు మీద చపాతీ పిండి ముద్ద పెట్టి బానెట్ పూర్తిగా మూసి తెరవండి, ముద్ద ముప్పావు అంగుళం మందమైనా మిగిలితే ధైర్యంగా ఆర్డర్ పెట్టేయండి.