పనివాళ్లకు టీ పేపర్ గ్లాసులో ఇస్తే తప్పా?

మియాపూర్ గృహిణి:
మా ఫ్లాట్‌లో పెయింటింగ్ నడుస్తోంది. నలుగురు మనుషులు, వారం పని, గుత్తకు మాట్లాడాం. పదకొండింటికి, నాలుగింటికి టీ ఇస్తున్నాను. "గుత్తకిచ్చాక టీలు మేస్త్రి చూసుకోవాలి" అంటారు మా వారు. దాంతో పేచీ లేదు, నా టీ నేనిస్తాను. నిన్న స్టీలు గ్లాసుల్లో పోస్తుంటే మా అత్తగారు చూసి పేపర్ గ్లాసులు తెప్పించారు. శుభ్రం కోసమేనట. వాళ్లేమీ అనలేదు, నాకే మనసొప్పట్లేదు. మీ ఇళ్లలో ఎలా? బాత్‌రూమ్ సంగతి కూడా చెప్పండి.

విజయవాడ నుంచి:
ఇందులో తప్పేముందండీ? చేతుల నిండా రంగు, టర్పెంటైన్ వాసన. ఆ గ్లాసులు తోమేది మీరేగా. మా ఇంట్లో వ్రతానికి వచ్చిన చుట్టాలకీ పేపర్ గ్లాసులే ఇచ్చాం, ఎవరూ నొచ్చుకోలేదు.

నల్గొండ నుంచి:
వ్రతానికి అందరికీ ఒకటే గ్లాసు. ఇక్కడ అదే టీ మీరు స్టీలులో తాగుతున్నారు, వాళ్లకు పేపర్‌లో ఇస్తున్నారు. తేడా అక్కడుంది. నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో కొందరి గ్లాసులు బయట అరుగు మీద విడిగా ఉండేవి. తాగి, వాళ్లే కడిగి పెట్టాలి. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం రద్దయింది, 1955లో శిక్షలతో చట్టమూ వచ్చింది. అయినా ఆ అరుగు అలాగే ఉండేది. తర్వాత డిస్పోజబుల్ గ్లాసులొచ్చాయి. కొందరికి స్టీలు, కొందరికి ప్లాస్టిక్. అడిగితే "శుభ్రం" అన్నారు. మీ అత్తగారి మనసులో అదే ఉందని అనట్లేదు. ఆ మాట చాలాసార్లు విన్నవాణ్ణి, అంతే.

విజయవాడ నుంచి:
పేపర్ గ్లాసు దగ్గర మొదలెట్టి రాజ్యాంగం దాకా వెళ్లిపోయారు!

టైల్స్ మేస్త్రి కొడుకుని:
సెలవుల్లో నేనూ నాన్నతో పనికి వెళ్లేవాణ్ణి. గ్లాసు ఏదైనా ఆయన పట్టించుకునేవారు కాదు. ఇంటికొచ్చి చెప్పుకుని బాధపడింది బాత్‌రూమ్ గురించే. గోడలకు, నేలకు టైల్స్ వేసింది మేము. పని అయిపోగానే దానికి తాళం. కింద వాచ్‌మన్ రూమ్ దగ్గరికి పొమ్మనేవారు. ఐదో అంతస్తు నుంచి దిగి ఎక్కాలి. అందుకని నాన్న మధ్యాహ్నం దాకా నీళ్లే తాగేవారు కాదు. కట్టర్ దుమ్ము గొంతులో పడినా సరే. మాలు కలిపే అక్క పరిస్థితి ఇంకా ఘోరం, ఆమె పొద్దున టీ కూడా వద్దనేది. అక్కా, ముందు బాత్‌రూమ్ ఏదో చూపించండి. గ్లాసు సంగతి తర్వాత.

తెనాలి పెద్దాయన:
మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ద్వారబంధం నిలబెట్టిన రోజున వడ్రంగికి పంచె, తాంబూలం పెట్టాం. స్లాబు రోజు కూలీలందరికీ మాంసం కూరతో భోజనాలు. అలాగని పాత రోజులన్నీ బంగారం కావు. అన్నం పెట్టాంగా అని కూలిలో ఓ పది కోసేవాళ్లూ ఉండేవాళ్లు. ఆ భోజనం కంటే టిఫిన్ డబ్బా తెచ్చుకుని, కూలి పూర్తిగా తీసుకోవడమే వాళ్లకి మేలు.

డల్లాస్ నుంచి:
ఇక్కడ ప్లంబర్‌ని టీ తాగుతారా అని అడిగితే, తన బాటిల్ చూపించి పనిలో పడ్డాడు. లెక్క గంటలకి కదా, నాకూ అదే నయమనిపించింది!

మియాపూర్ గృహిణి:
పొద్దున్నే హాలు పక్క బాత్‌రూమ్ చూపించి, సబ్బు పెట్టాను. చిన్నోడు రెండుసార్లు అడిగాడు, "నిజంగా ఇదేనా అక్కా?" అని. పదకొండింటికి మళ్లీ స్టీలు గ్లాసులే తీశాను. పెద్ద పెయింటర్ "పేపర్ గ్లాసే నయమమ్మా, రంగు పడితే పారేయొచ్చు" అన్నాడు. మా వారు "చూశావా" అన్నారు. కానీ అతను ఆ మాట అన్నప్పుడు మా అత్తగారు అక్కడే సోఫాలో ఉన్నారు.