కరవు కథను కేకు ముక్కతో వినవచ్చునా?

కోటగుమ్మం (విజయనగరం):

మేము ఎనిమిది మందిమి నెలకొక ఆదివారం సాయంత్రం ఒకరి ఇంట కూడి, మాలో ఒకరు తమ మాటల్లో తిరిగి చెప్పే పాత కథను వింటాము. ఆ ఇంటివారు టీతో పాటు స్వయంగా చేసినదేదైనా పెట్టాలన్నది మా ఏకైక నియమం. గత నెల వంతు మాది. జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన హాన్సెల్, గ్రేటెల్ కథను, అంటే తిండి లేక తల్లిదండ్రులు అడవిలో వదిలిన అన్నాచెల్లెళ్లు తీపి ఇంటి మంత్రగత్తెకు చిక్కి తప్పించుకునే కథను, ఒక మిత్రురాలు మన వైపుకు మార్చి చెప్పారు. కట్టెలు కొట్టేవాడి గుడిసె పార్వతీపురం కొండల అంచుకు వచ్చింది, దారి గుర్తుకు పిల్లలు జారవిడిచినవి చోడి (రాగి) రొట్టె తునకలయ్యాయి, మంత్రగత్తె ఇంటికి అరిసెల గోడలు లేచాయి, ఆమె పొయ్యి కుమ్మరి ఆవమయింది.

కథకు తోడుగా నేను చోడిపిండి బిస్కట్లతో గోడలు, కుక్కర్‌లో చేసిన కేకుతో పైకప్పు, పంచదార పాకంతో కిటికీలు పెట్టి చిన్న ఇల్లు కట్టాను. పిల్లలు సంబరపడ్డారు. మాలో పెద్దవారొకరు మాత్రం పళ్లెం పక్కన పెట్టి, "తిండి లేక పిల్లలను అడవిలో వదిలిన కథ వింటూ కేకు తినడం నాకు చేతకాదు" అన్నారు. ఆ మాట అప్పటినుండి నన్ను వదలడం లేదు. ఆయన అన్నదానిలో న్యాయముందా, లేక అది అతిసున్నితత్వమా? మీ అభిప్రాయాలు తెలుపగోరుతున్నాను.

వంశధార (శ్రీకాకుళం):

కోటగుమ్మం గారూ, నేను ఆ పెద్దాయన పక్షమే. దేశంలో పెద్ద కరవు రావడం, నలుగురికి సరిపడా రొట్టె లేక రాత్రి పడకమీద దంపతులు పిల్లలను వదిలించుకునే ఉపాయం మాట్లాడుకోవడం, ఇవీ ఆ కథకు పునాదులు. తీపి ఇల్లు మధ్యలో వచ్చేదే. 1812 నాటి ప్రతిలో ఆ ఉపాయం చెప్పింది కన్నతల్లే. తరువాతి కూర్పులలో ఆమె సవతితల్లి అయింది. 1893లో జర్మన్ స్వరకర్త హంపర్‌డింక్ సంగీత నాటకంగా ప్రదర్శితమైనప్పుడు ఆ తల్లి పిల్లలను వదిలివేయదు, కోపంలో స్ట్రాబెర్రీలు ఏరుకురమ్మని అడవికి పంపుతుంది, అంతలో తండ్రి తిండి సామగ్రితో ఇల్లు చేరుతాడు. ఈ మార్పులు కథను ఖాళీ కుండకు దూరంగా, తీపి ఇంటికి దగ్గరగా జరిపాయి. మీరు కట్టిన ఇల్లు ఆ వరుసలోనిదే అని నా అనుమానం.

పైగా మన నేలకు ఈ కథ పరాయిది కాదు. 1866 నాటి కరవు ఒరిస్సాతో పాటు గంజాం జిల్లాను కూడా పీడించింది. శ్రీకాకుళం అప్పుడు ఆ జిల్లాలోనిదే. కింద పడిన మెతుకును కళ్ళకద్దుకుని పళ్ళెంలో వేసుకునే ముసలివాళ్ళను నేను మా ఇంట్లో చూశాను. అలాంటి ఇంట్లో పెరిగినవానికి ఈ కథ పక్కన వెన్న వాసన ఎబ్బెట్టుగా ఉండడంలో ఆశ్చర్యమేముంది?

చోడిపిండి (బొబ్బిలి):

వంశధార గారి చరిత్రతో నాకు పేచీ లేదు, తీర్పుతో ఉంది. ఆ కథలో గ్రేటెల్ గెలిచింది పొయ్యి దగ్గరే. మంత్రగత్తె ఆమెను లోపలికి దూరి వేడెక్కిందో లేదో చూడమంటుంది, ఆ పిల్ల ఎలా దూరాలో తెలియదని నటిస్తుంది, ముసలిది తానే తల పెట్టి చూపబోతే వెనుకనుండి తోసి తలుపు బిగిస్తుంది. ఇంట్లో ఎన్నడూ రొట్టె కాల్చనివారు ఈ ఘట్టాన్ని ఏదో వింతగా చూసి దాటిపోతారు. కాల్చేవారికి అది రోజువారీ పని. ఇటుకలతో కట్టిన రొట్టెల బట్టీలో కట్టెలు లోపలే మండించి, నిప్పులు బయటికి లాగి, మిగిలిన వేడిమీద రొట్టె కాలుస్తారు. వేడిని చూపే ముల్లు ఉండదు. చెయ్యి పెట్టి చూడాలి, లేదా పిండి చల్లి అది ఎంతసేపటికి ఎర్రబడుతుందో గమనించాలి. కనుక లోపలికి చూడమనడం ఆనాటి వంటింటిలో సహజమైన మాట. మా అమ్మాయి మాత్రం మా ఇంటి ఓవెన్ చూసి "ఇందులో అవ్వ ఎలా పట్టిందమ్మా?" అని అడిగింది, ఆ ప్రశ్నకు బట్టీ బొమ్మ గీసి చూపవలసి వచ్చింది.

అందుకే మీ మిత్రురాలి కుమ్మరి ఆవాన్ని నేను ఒప్పుకోను. ఆవంలో కుండలు పేర్చి, పైన గడ్డి పరచి మట్టితో మూసివేస్తారు. అందులోకి తల పెట్టి చూసేదేమీ ఉండదు, కనుక మోసమే నడవదు. పట్నంలోని పాత బేకరీ బట్టీని పెట్టి ఉంటే కథ నిలబడేది. పిండి ముట్టుకున్న చేతులతో కథ విన్నందువల్లనే నాకు ఈ లోపం కనిపించింది. తినుబండారం కథను పలుచన చేస్తుందనడం అన్నివేళలా నిజం కాదు.

మరొక విషయం. చోడిపిండిలో గ్లూటెన్ (పిండిని సాగేలా పట్టి ఉంచే పదార్థం) ఉండదు, అందుచేత పొంగి నిలవవలసిన కేకుకు అది ఒంటరిగా అంతగా పనికిరాదు, గోడలకు మాత్రం చక్కగా సరిపోతుంది. గోడలను దేనితో అతికించారో తెలిస్తే నేనూ ప్రయత్నిస్తాను.

కోటగుమ్మం:

ముదురు బెల్లం పాకంతో అతికించాను. వానాకాలపు గాలికి గంటలోనే పాకం చెమర్చి ఒక గోడ పక్కకు ఒరిగింది. పంచదార కిటికీలు చేతికి అంటుకున్నాయి. కేకు మైదాతోనే చేశాను, అయినా తొందరపడి కుక్కర్ మూత ముందే తీయడంతో నడుమ కుంగింది. ఆవం విషయంలో మీరు చెప్పినది సబబు, మా మిత్రురాలికి చేరవేస్తాను.

పాతపుస్తకం (శ్రీకాకుళం):

మన ఇళ్ళల్లో కథకూ తిండికీ ఉన్న పాత పొత్తును ఎవరూ తలచలేదు. సత్యనారాయణ వ్రతంలో మనం వినే కథలోనే ప్రసాదం ఉంది. కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే భర్త ఉన్న పడవ కనబడకుండా పోయింది, తుంగధ్వజుడు ప్రసాదాన్ని చులకన చేసి కష్టాలపాలయ్యాడు. ఆ కథ విన్నవారి దొప్పలో చివరకు పడేది అదే గోధుమరవ్వ ప్రసాదం. కథలోని పదార్థాన్నే శ్రోత తినడం మనకు కొత్త కాదు, కథ అతని నోటిదాకా రావడానికి పెద్దలు ఎంచుకున్న దారి అది. హాన్సెల్ కథకు నేనైతే ఇంకొక మాట కూడా చేరుస్తాను. ఆ ఇంటిని కొరికినవారు ఆకలితో ఉన్న పిల్లలు, దానిని కట్టినది వారిని పట్టడానికి. చేతిలో కేకు పైకప్పు ముక్క పట్టుకుని వినే శ్రోత ఆ పిల్లల స్థానంలోనే కూర్చున్నాడు. "నా ఇంటిని కొరుకుతున్నదెవరు?" అన్న గొంతు లోపలినుండి వినిపించేసరికి ఆ ముక్క గొంతు దిగనప్పుడు కథ బాగా చెప్పారని అర్థం. మీ పెద్దాయనకు అది ముందే దిగలేదు, అంతే తేడా.

వంశధార:

పాతపుస్తకం గారి పోలిక చాలా బలమైనది, కానీ అది నా వాదనకే ఎక్కువ పనికివస్తుంది. వ్రతంలో ప్రసాదం పంచేది కథ పూర్తయ్యాకనే. హరికథా కాలక్షేపంలోనూ అంతే. కథ నడుస్తున్నంతసేపూ శ్రోత చేతిలో తిండి ఉండదు. నా అభ్యంతరం కేకుమీద కాదని ఈ చర్చలో నాకే స్పష్టమయింది. టీ కప్పుల చప్పుడు మధ్య, పళ్ళేలు చేతులు మారుతుండగా, పడకమీద తల్లిదండ్రుల సంభాషణ సాగడం నాకు పనికిరాదు. ఆ కరవు పూర్తిగా చెప్పి, ఆ తరువాత ఇల్లు విరగ్గొట్టుకోండి, నేనూ ఒక గోడ తింటాను. చోడిపిండి గారి బట్టీ వివరణకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

చోడిపిండి:

అలా వరుస పెడితే వేడి టీ చల్లారిపోతుంది, వంశధార గారూ. అల్లం టీ రెండోసారి కాస్తే కషాయమే.

కోటగుమ్మం:

టీ కథ మధ్యలో కాచుకుందాం, ఇబ్బంది లేదు. వచ్చే నెల ఎర్ర టోపీ పిల్ల కథ, చెప్పేది నేను. అందులోనూ తిండి బుట్ట ఉంది. ఫ్రెంచి రచయిత పెరో 1697లో ప్రకటించిన కథలో ఆ పిల్ల అమ్మమ్మకు రొట్టె, చిన్న గిన్నెడు వెన్న తీసుకువెళుతుంది, కాపాడటానికి వేటగాడు రాడు, తోడేలు మింగడంతో కథ ముగుస్తుంది. గ్రిమ్ ప్రతిలో బుట్టలోకి కేకు, ద్రాక్షసారా చేరాయి, చివర వేటగాడు కూడా వచ్చాడు. నేను పెరోను అనుసరిస్తాను. రొట్టె, వెన్న గుడ్డ కప్పిన బుట్టలో శ్రోతల నడుమ ఉంటాయి, తోడేలు మింగేదాకా ఎవరూ గుడ్డ ఎత్తరు. పెద్దాయనకు ఈ సంగతి ఫోనులో చెబితే, "ఎత్తాక ముందు నాకివ్వు" అన్నారు.