సున్నా కలిస్తే పూర్ణాంకం, రుణం కలిస్తే...?

కావలి కాలవ: ఆరో తరగతిలో మా లెక్కల మాస్టారు పాడించిన ముక్క సగమే గుర్తుండాది. "సున్నా కలిస్తే పూర్ణాంకం, రుణం కలిస్తే..." ఆ తర్వాత ఏంది? ఒక ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్‌ని తెలుగు చేస్తన్నాం. ఇంటిజర్‌కి, అంటే భిన్నం లేని సంఖ్యకి, ఒక పేజీలో పూర్ణాంకం, పక్క పేజీలో పూర్ణసంఖ్య, మూడో చోట ఇంటిజరే. చదివేవాడు మూడు టైపులనుకుంటాడు.

పెన్నగట్టు: "...పూర్ణసంఖ్య". పూర్ణాంకాల్లో మైనస్ అయిదుకి చోటు లేదబ్బయా. ఎనిమిది బిట్లలో -128 నుంచి 127 దాకా పట్టేది పూర్ణసంఖ్య. అన్‌సైన్డ్ అయితే, అంటే మైనస్ గుర్తు లేకుంటే, 0 నుంచి 255, అది పూర్ణాంకం. బడిపుస్తకం ఎప్పుడో తేల్చేసింది.

ఒంగోలు గిత్త: తేల్చింది సరే, ఎందుకో చెప్పిందా? పూర్ణం అంటేనే సున్నా. నిండుసున్నని పూర్ణానుస్వారం అనమూ? సున్నా చేరింది గనకే పూర్ణాంకం.

పెన్నగట్టు: మరి మైనస్ అయిదులో పూర్ణం ఏడుంది, బూరెలోనా? ఇక్కడ పూర్ణమంటే ముక్కలు కానిది. అంతే.

ఒంగోలు గిత్త: పాత సంస్కృత గణితంలో ఖ, శూన్య, పూర్ణ మూడూ సున్నాకే వాడారు. అసలు తెలుగులో లెక్కలు చెప్పిందే మావాడు, పావులూరి మల్లన. మహావీరాచార్యుడి గణితాన్ని 11వ శతాబ్దంలోనే పద్యాల్లోకి దించాడు.

చీరాల చిన్నోడు: పావులూరు 2022లో బాపట్ల జిల్లాలోకి పోయిందన్నా.

ఒంగోలు గిత్త: జిల్లా పోయింది, మల్లన పోలా.

పెన్నగట్టు: మాట ఎంచుకోడం నేర్వాలంటే మా తిక్కన దగ్గిరికి రావాల. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు! ఒక్క మాట తీసి ఇంకోటి పెట్టు చూద్దాం.

కందుకూరు కరణం: అన్నీ అయినాయి గానీ, అది రుణం కాదు, ఋణం.

కావలి కాలవ: సామీ, ఇంకోటుంది. జావాస్క్రిప్ట్ పేజీల్లో స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, ఇంగ్లీషు చిన్న ఎస్‌తో రాస్తే వట్టి విలువ, పెద్ద ఎస్‌తో రాస్తే ఆబ్జెక్ట్. తెలుగులో పెద్దక్షరం యాడ తెచ్చేది?

ఒంగోలు గిత్త: చిన్నదాన్ని అక్షరదండ అను. పూలు గుచ్చినట్టే గదా.

పెన్నగట్టు: దండకి ముడేస్తారు, స్ట్రింగ్‌కి రెండు కొసలుంటాయి. అక్షరసరం అనాల.

కందుకూరు కరణం: సరమా, శరమా? శరమైతే బాణం.

కావలి కాలవ: ఇంటిజర్‌కి ఏం పెట్టమంటారు?

పెన్నగట్టు: ఉండబ్బయా. కరణంగారూ, ముత్యాల సరంలో బాణమేందండీ!