పద్మిని కారుకు డిస్క్ బ్రేకులు వేయించినా పెడల్ మెత్తగానే ఉంది

కడప నుంచి: అన్నా, మా నాయన పాత ప్రీమియర్ పద్మినికి ముందు చక్రాలకు డిస్కులు వేయించాను, గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంటే ఆ టెన్షన్ పడలేక. ఇప్పుడు పెడల్ స్పంజిలా లోపలికి పోతోంది. బ్రేక్ ఆయిల్ పైపుల్లోంచి మూడుసార్లు గాలి తీయించినా అదే కథ. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ పాతదే.

అనంతపురం నుంచి: కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టేది) మీద గాలి తీసే నిపుల్ పైనుందా, కిందుందా? కుడి చక్రం కాలిపర్ ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికొస్తుంది, గాలి పైన చిక్కుకుంటుంది, ముప్పైసార్లు తీసినా పోదు. నా బండికి ఇదే జరిగి మెకానిక్‌తో రెండు రోజులు మాటల్లేవు.

కర్నూలు నుంచి: మాస్టర్ సిలిండర్ కూడా చూసుకో తమ్ముడూ. కాలిపర్ పిస్టన్లు పెద్దవి, ఆయిల్ ఎక్కువ తాగుతాయి, సిలిండర్ బోర్ (లోపలి వెడల్పు) చిన్నదైతే పెడల్ లోతుకు పోతుంది. పైగా డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్లలో పైపులో కాస్త ప్రెషర్ నిలబెట్టే వాల్వ్ ఉంటుంది, డిస్కులకు అది ఉంటే ప్యాడ్లు వదలకుండా రుద్దుతూ వేడెక్కుతాయి.

కడప నుంచి: నిపుల్ కిందే ఉందన్నా! తారుమారుగా బిగించారు. మార్చాక పెడల్ గట్టిపడింది. రేపు ఘాట్‌కు పోవచ్చా?

అనంతపురం నుంచి: అప్పుడే వద్దు. ఖాళీ రోడ్డులో 50 స్పీడు నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఓ పదిసార్లు తగ్గించు, మధ్యమధ్యలో చల్లారనివ్వు. ప్యాడ్లు కుదురుకోనీ. సిలిండర్ సంగతి తేలాకే ఘాట్.