సమస్యాపూరణం: రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె

నిర్వాహకుడు, ఒంగోలు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. "రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె." అంటే రెండుతో భాగం పోని సంఖ్య రెండ్ల నుంచే పుట్టిందని. పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన భాష మనది. లెక్కకు జంకకండి.

కావలి సభ్యుడు:

ముప్పదొక్క రెండ్ల ముచ్చటగ గుణించి
యొకటి తీసినంత నొంటివాడె
చూపు లేక దీనిఁ జూచె నాయిలరయ
రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె

నిర్వాహకుడు: మూడో పాదం అద్భుతం. ముప్పై ఒక్క రెండ్లు గుణించి ఒకటి తీస్తే వచ్చే 214,74,83,647 ప్రధాన సంఖ్యేనని, అంటే ఒకటీ తానూ తప్ప మరేదీ భాగించలేని సంఖ్యేనని, 1772లో తేల్చేనాటికి గణితవేత్త ఆయిలర్‌కు చూపు దాదాపు పోయింది. ఆయన వాడిన ఉపాయం ఇంకా గొప్పది. దీనికి ప్రధాన భాజకమంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. పైగా 46,340 దాకా వెతికితే చాలు. కోట్లలో ఉన్న సంఖ్య చేతిలెక్కకు లొంగింది అలాగే. "ముచ్చటగ" మాత్రం యతి కోసం తెచ్చిన మాట. "ముందుగా గుణియించి" అంటే గణం చెడదు, ముందు గుణకారం, తర్వాత తీసివేత అన్న క్రమమూ తెలుస్తుంది.

కందుకూరు మాస్టారు:

మూడు, నైదు, నేడు మూలమై వెలయగా
పదునొకండు గూడఁ బలుకఁ దగును
ఎవరుఁ బంచలేని దీ వరుస నిజంబు
రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె

నెల్లూరు సభ్యురాలు: మాస్టారూ, ఛందస్సు చక్కగా ఉంది, లెక్క దగ్గరే ఇబ్బంది. పదకొండు రెండ్లు గుణించి ఒకటి తీస్తే 2047. అది 23 × 89. ఘాతం, అంటే గుణించే రెండ్ల లెక్క, ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధానం కానక్కర్లేదు. రెండు చొరకపోవడానికి బేసి సంఖ్య ఏదైనా చాలు, ఏదీ చొరకూడదన్నదే ఇక్కడ అసలు పరీక్ష. నా పూరణ:

ఒకటి పక్క నొకటి యొకటొకటిగ నిల్చి
నాటు వేసినట్లు నడచె వరుస
పెన్న గట్టు దాటి పెరిగిన యంకెల
రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె

కావలి సభ్యుడు: అన్నీ ఒకట్లేనని ఎలా అన్నారమ్మా?

నెల్లూరు సభ్యురాలు: సున్నా, ఒకటి మాత్రమే వాడి రాస్తే మెర్సెన్ సంఖ్యలన్నీ, అంటే ఇలా రెండ్లు గుణించి ఒకటి తీస్తే వచ్చేవన్నీ, ఒకట్ల వరుసలేనండీ. 2024 అక్టోబరులో బయటపడిన ప్రధాన సంఖ్యకు 13,62,79,841 రెండ్లు గుణించి ఒకటి తీయాలి. అన్ని ఒకట్లు వరుసగా నిలుస్తాయి. మామూలు అంకెల్లో రాసినా 4,10,24,320 అంకెలు.

నిర్వాహకుడు: ఈ వివరణ లేకుండా రెండో పాదం అందడం కష్టం. పద్యంలోనే ఒక సూచన ఉండాలి. వరి మళ్ల ఊరివారికి "నాటు" అన్న మాట మాత్రం నేరుగా తగులుతుంది.

కందుకూరు మాస్టారు: సవరించిన పూరణ.

మూడు, నైదు, నేడు మూలమై వెలయగా
పదునొకండు కాడఁ బట్టు సడలె
పదియు మూడు నిలిచి పరువు నిల్పెను గదా
రెండు చొరని సంఖ్య రెంటఁ బుట్టె

నెల్లూరు సభ్యురాలు: పదమూడు రెండ్లు గుణించి ఒకటి తీస్తే 8191! ఒకటీ, అదీ తప్ప దాన్ని ఏదీ భాగించదు. ఇప్పుడు లెక్కా, పద్యమూ రెండూ కుదిరాయి మాస్టారూ.