హార్లిక్స్ గుడ్‌విల్ 17,300 కోట్లు: ఏటా తగ్గించాలా, అలాగే ఉంచాలా?

గోదావరి గట్టు:

మాది ధవళేశ్వరం. హార్లిక్స్ ఫ్యాక్టరీ మా ఊళ్లోనే ఉంది. నాన్నగారు ఆ అభిమానంతోనే గ్లాక్సో కన్జ్యూమర్ షేర్లు కొన్ని కొన్నారు. 2020 ఏప్రిల్ 1న ఆ కంపెనీ హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసిపోయింది. ఒక్కో షేరుకు 4.39 చొప్పున లీవర్ షేర్లు వచ్చాయి. అప్పటి నుంచి ఏటా వార్షిక నివేదిక రాగానే నేను ముందు చూసే అంకె గుడ్‌విల్. సుమారు 17,300 కోట్లు. ఏళ్లు గడుస్తున్నా అది దాదాపు కదలదు.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఒక కంపెనీని కొన్న ధరలోంచి ఫ్యాక్టరీలు, సరుకు, బ్రాండ్లు అన్నిటి విలువా తీసేయగా మిగిలేదే గుడ్‌విల్. హార్లిక్స్, బూస్ట్ పేర్ల విలువ ఇందులో లేదు, వాటిని వేరేగా రాశారు.

నా అభ్యంతరం ఏమిటంటే, ఈ అంకె పుట్టిన తీరే సరిగా లేదు. 2018 డిసెంబరు 3న ఒప్పందం ప్రకటించినప్పుడు దాని విలువ 31,700 కోట్లు అన్నారు. షేర్ల నిష్పత్తి అప్పుడే ఖాయమైపోయింది. కలిసిన రోజుకి లీవర్ షేరు 2,180 రూపాయల దగ్గరుంది. పుస్తకాల్లో రాసేది ఆ రోజు ధరే. ఇచ్చినవి 18.46 కోట్ల షేర్లు కాబట్టి మొత్తం 40,200 కోట్లయింది. పదహారు నెలల్లో 8,500 కోట్లు పెరిగింది. అంటే గుడ్‌విల్‌లో దాదాపు సగం, లీవర్ సొంత షేరు పెరగడం వల్ల వచ్చిందే. ఆ పదహారు నెలల్లో డబ్బాలో పొడి ఏమీ మారలేదు!

ఈ గుడ్‌విల్‌ను ఇరవై ఏళ్లకు పంచి ఖర్చుగా రాస్తే ఏటా 865 కోట్లు. లీవర్ లాభం ఏటా 10,000 కోట్ల దగ్గరుంది. ఈ మాత్రం ఖర్చు రాసుకోలేరా? అలా రాయడమే న్యాయమని నా అభిప్రాయం.

బెజవాడ ఆడిటర్:

గట్టు గారూ, లెక్క సరిగ్గా వేశారు. కానీ దాన్నుంచి మీరు తేల్చిందే నాకు ఒప్పుదల కాలేదు.

2,180 రూపాయల షేరు ఇచ్చారంటే, పాత వాటాదారులు 2,180 రూపాయలు వదులుకున్నట్టే. అది నిజంగా అయిన ఖర్చు. ఇక ఇరవై ఏళ్లు అన్నారు. ఇరవయ్యే ఎందుకు? పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 14 ప్రకారం విలీనంలో వచ్చిన గుడ్‌విల్‌ను మామూలుగా ఐదేళ్లలో రాసేయాలి. అమెరికాలో 2001 దాకా నలభై ఏళ్ల వరకూ పంచుకోనిచ్చేవారు. జపాన్ సొంత ప్రమాణాల్లో ఇప్పటికీ గరిష్ఠం ఇరవై ఏళ్లు. ఏ అంకె తీసుకున్నా అది ఊహే. హార్లిక్స్ పేరు 1873 నాటిది. దాని చుట్టూ ఉన్న వ్యాపారం ఎన్నేళ్లలో అరిగిపోతుందో మీరు చెప్పగలరా?

ఇప్పటి ప్రమాణం ఇండ్ ఏఎస్ 36 ప్రకారం ఏటా పరీక్ష చేయాలి. ఆ వ్యాపారం ముందు ముందు తెచ్చే డబ్బు ఈ రోజు విలువలో ఎంతో, లేదా అమ్మితే ఎంత వస్తుందో, రెండింటిలో ఎక్కువది పుస్తకంలో అంకె కంటే తగ్గితే అప్పుడే ఆ తేడా మేర కోత. 2021 బడ్జెట్‌లో ప్రభుత్వం కూడా పన్ను లెక్కలో గుడ్‌విల్ మీద తరుగుదల మినహాయింపు తీసేసింది. వ్యాపారం బాగా నడిస్తే గుడ్‌విల్ పెరగొచ్చు కూడా అన్నదే దానికి చెప్పిన కారణం.

చికాగో తెలుగు:

ఆడిటర్ గారు చెప్పిన పరీక్ష మీద నాకు నమ్మకం పోయింది. ఎందుకో చెప్తాను.

మా చికాగోలో ఆఫీసున్న క్రాఫ్ట్ హైంజ్ సంగతే చూడండి. 2015లో రెండు కంపెనీలు కలిశాయి. 2019 ఫిబ్రవరిలో ఒక్కసారిగా 1,540 కోట్ల డాలర్లు కోత పెట్టారు. అందులో 710 కోట్లు గుడ్‌విల్, మిగతాది ఎక్కువగా క్రాఫ్ట్, ఆస్కార్ మేయర్ పేర్ల విలువ. డివిడెండ్ కూడా తగ్గించారు. మర్నాడు షేరు 27 శాతం పడింది. క్రాఫ్ట్‌కు ఎక్కువ ధర పెట్టామని వారెన్ బఫెట్ స్వయంగా ఒప్పుకున్నారు. మళ్లీ 2025లో ఇంకో 930 కోట్ల డాలర్లు. ప్యాకెట్ తిండి మీద జనానికి మోజు తగ్గడం 2019లో మొదలైందా? ఇక్కడ సూపర్ మార్కెట్‌కి వెళ్లే ఎవరికైనా అంతకు చాలా ముందే తెలుసు.

ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 2005లో జిలెట్‌ను 5,700 కోట్ల డాలర్లకు కొంది. 830 కోట్ల కోత పడింది 2019లో, అంటే పద్నాలుగేళ్ల తర్వాత. గడ్డాలు పెంచడం, చౌక బ్లేళ్లు ఇంటికే రావడం అప్పటికే పాత కబుర్లు.

అసలు చిక్కు ఇంకోటుంది. లీవర్ తనంతట తాను పెంచుకున్న సర్ఫ్, రిన్ లాంటి పేర్లకి పుస్తకంలో విలువ రాయకూడదు. కానీ కొన్న వ్యాపారాన్ని పాత వ్యాపారంతో కలిపి పరీక్షించే చోట, ఆ రాయని విలువే కొన్నదాన్ని కాపాడుతుంది. కొన్నది ఎండిపోతున్నా, పక్కన ఉన్న పచ్చదనం వల్ల కనపడదు. అందుకే కోత పడేసరికి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది.

తణుకు కిరాణా:

నాకు పెద్ద లెక్కలు తెలియవండి. మా కొట్లో హార్లిక్స్ ఇప్పటికీ కదులుతుంది, చిన్న ప్యాకెట్లు మరీను. కానీ పిల్లల తల్లులు డబ్బా వెనక్కి తిప్పి చక్కెర ఎంతుందో చదువుతున్నారు. పదేళ్ల కింద ఇలా చదివే వాళ్లని చూడలేదు. 2024 ఏప్రిల్‌లో ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్స్' కింద చూపొద్దని కేంద్రం ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది. లీవర్ కూడా ఆ విభాగం పేరులోంచి 'హెల్త్' తీసేసింది. పేరులోంచి ఆ మాట పోతే విలువ కొంచెమైనా తగ్గదా అని నా సందేహం.

బెజవాడ ఆడిటర్:

కిరాణా గారి ప్రశ్న మంచిది. అలాంటి మార్పు వచ్చినప్పుడే పరీక్ష గట్టిగా చేయాలి. చికాగో గారు చెప్పిన 'పక్క పచ్చదనం' కూడా నిజమే. ఆడిట్‌లో నాకూ ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. అమ్మకాలు ఎంత పెరుగుతాయన్నది యాజమాన్యం అంచనా. దాన్ని ప్రశ్నించగలం కానీ మా అంకె రాయలేం.

అయినా ఏటా తగ్గించమంటే ఒప్పుకోను. 2020 మార్చిలో లీవర్ వాటాదారుల నిధి సుమారు 8,000 కోట్లు. ఏడాది తిరిగేసరికి 47,000 కోట్లు దాటింది. ఆ నిధి మీద 80 శాతం పైన ఉండే రాబడి 20 శాతం దాకా దిగింది. ఎందుకు? ఇంత డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి. మీరు ఏటా 865 కోట్లు చెరిపేస్తూ పోతే ఆ పెట్టుబడి కనపడకుండా పోతుంది. ఇరవై ఏళ్లకు రాబడి మళ్లీ అందంగా కనిపిస్తుంది, ఎక్కువ ధర పెట్టిన వాళ్లని అడిగేవాళ్లే ఉండరు. ఆ 17,300 కోట్లు అక్కడ ఉన్నంత కాలం, దాని మీద ఎంత సంపాదించారని అడగొచ్చు. నా దృష్టిలో అది ఆస్తి కన్నా ఎక్కువగా, యాజమాన్యం మనకి బాకీ ఉన్న జవాబు.

గోదావరి గట్టు:

ఆడిటర్ గారూ, మీ చివరి మాట నేను ఆలోచించని వైపు. రాత్రంతా అదే తిరిగింది బుర్రలో.

కానీ ఒకటి చూడండి. 2020 మే 7న, కలిసిపోయిన కంపెనీకి మాతృసంస్థ అయిన గ్లాక్సో తనకొచ్చిన లీవర్ షేర్లు అమ్మేసింది. ధర సుమారు 1,905. విలీనం అయిదు వారాలు ఆలస్యమై, ఆ ధరకే అయ్యుంటే, గుడ్‌విల్ 5,000 కోట్లు తక్కువగా పుట్టేది. ఇరవై ఏళ్లు ఊహే, ఒప్పుకుంటాను. కానీ అది అందరికీ కనపడే ఊహ. ఒక్క రోజు షేరు ధర మీద పుట్టిన అంకెని ఎప్పటికీ అలాగే మోయడం కూడా ఊహే కదా? దాన్ని మాత్రం మనం ఖర్చు అంటున్నాం.

బెజవాడ ఆడిటర్:

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు 2022లో మళ్లీ చర్చించి, ఏటా తగ్గించే పద్ధతి వద్దనే తేల్చింది. 2024 మార్చిలో మాత్రం ఇంకో ప్రతిపాదన పెట్టింది. పెద్ద కొనుగోలు చేసిన కంపెనీ అప్పుడు ఏం ఆశించిందో, తర్వాత ఏం సాధించిందో బయటపెట్టాలని. మీరు అడిగే న్యాయం అందులో దొరుకుతుందని నా ఆశ.

గోదావరి గట్టు:

అయితే ప్రమాణం వచ్చేదాకా ఆగను. ఈసారి ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో, స్పీకర్‌గా పేరు నమోదు చేయించుకుంటాను. ఒకటే ప్రశ్న: 2018లో ఈ వ్యాపారం నుంచి ఏటా ఎంత వస్తుందని లెక్కేశారు, ఇప్పుడు ఎంత వస్తోంది? మాటల్లో తప్పుంటే దిద్దండి, రాసుకుని వెళ్తాను.