వేసవిలో అమ్మానాన్నలతో ఆర్వీలో ఎడారి దారి పట్టడం సబబేనా?

ప్లేనో వాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పది రోజులుగా తెగని ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాను. మా అమ్మానాన్నలు ఏప్రిల్‌లో కడప నుంచి వచ్చారు. సెప్టెంబరు చివర్లో తిరిగి వెళ్తారు. పిల్లల సెలవులూ నా సెలవులూ కలిసివచ్చేది జులైలోనే. 28 అడుగుల ఆర్వీ (ఇల్లులా వాడుకొనే పెద్ద బండి) ఒకటి అద్దెకు తీసుకొని, డాలస్ నుంచి న్యూ మెక్సికో మీదుగా వెళ్లి అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ లోయ చూసి, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా అక్క ఇంట్లో ఒక రాత్రి ఉండి, కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ మీదుగా శాన్ డియాగోలోని తమ్ముడి ఇంటికి చేరి, వీలైతే అక్కడి ఎడారిలోనే ఉన్న డెత్ వ్యాలీ కూడా చూసి రావాలని 12 రోజుల యాత్ర అనుకున్నాను.

ఆర్వీయే ఎందుకంటే, నాన్నకు 71 ఏళ్లు, షుగర్ ఉంది, గంటన్నరకు ఒకసారి బాత్‌రూమ్‌కు వెళ్లవలసి వస్తుంది. న్యూ మెక్సికోలో ఆ సౌకర్యం ఉన్న చోటు కోసం 50 మైళ్లు ఎదురుచూడవలసిన దారులు ఉన్నాయి. అమ్మ బయటి తిండి తినరు. గుడ్డు కలవలేదని ఎవరు ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరదు. వంటగది, పడక, బాత్‌రూమ్ వెంట ఉంటే వాళ్లు ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేకుండా దర్జాగా తిరుగుతారన్నది నా ఆశ. మా బావగారు మాత్రం జులైలో ఆ దారిన పెద్దవాళ్లను తీసుకురావడం తప్పని గట్టిగా అంటున్నారు. ఈ దారిన తల్లిదండ్రులతో వెళ్లినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పండి.

చాండ్లర్ నివాసి

నేను పదకొండేళ్లుగా చాండ్లర్‌లో ఉంటున్నాను, మీ బావగారి పక్షానే మాట్లాడతాను. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జులై 30 వరకు వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఒక్క ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడిమి కారణంగా 645 మంది చనిపోయారు. ఇళ్ల లోపల చనిపోయినవారిలో చాలామందికి ఏసీ ఉంది, కానీ అది పనిచేయడం లేదు. ఈ చివరి మాటను మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను, ఎందుకంటే ఆర్వీ అంటే ఒకే ఒక్క ఏసీ మీద ఆధారపడిన పలచని గోడల ఇల్లు.

కడపవారికి 43 డిగ్రీలు కొత్త కాదని మీ నాన్నగారు అనవచ్చు. మా మామగారూ అదే మాట అన్నారు, ఆయనది అనంతపురం. కానీ అక్కడ మందపాటి గోడ, ఇంటి ముందు వేపచెట్టు, మధ్యాహ్నం నడుం వాల్చే అలవాటు ఉంటాయి. ఆర్వీ పైకప్పు మీది ఏసీ బయటి వేడికన్నా సుమారు 20 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గించగలదని అనుభవం ఉన్నవారు చెబుతారు. బయట 112 ఉంటే లోపల 92 అన్నమాట. కరెంటు కనెక్షన్ లేనిచోట ఆ ఏసీని జనరేటర్‌తోనే నడపాలి. చాలా ఆర్వీల్లో ఆ జనరేటర్ బండి పెట్రోలు ట్యాంకు నుంచే ఇంధనం తీసుకుంటుంది, ట్యాంకు పావుకు పడిపోగానే ఆగిపోతుంది. నడిరోడ్డున చిక్కుకోకుండా అలా ఏర్పాటు చేశారు. మంచి ఏర్పాటే, కానీ మధ్యాహ్నం రెండింటికి అరిజోనా పడమటి ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ ఊరి దగ్గర మా జనరేటర్ పూర్తిగా చెడిపోయినప్పుడు, అద్దెకు ఇచ్చినవారు మనిషిని రేపు పంపుతామన్నప్పుడు, మా మామగారిని ఒక పెట్రోలు బంకు దుకాణంలో నాలుగు గంటలు కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆయన మాకు ఒక్క మాట కూడా అనలేదు. ఆ నాలుగు గంటలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

అదే క్వార్ట్‌జ్‌సైట్‌కు చలికాలంలో వేలాది ఆర్వీలు వస్తాయి. ప్రభుత్వ భూముల్లో దీర్ఘకాలం ఉండేందుకు అక్కడ ఇచ్చే అనుమతి సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకే. ఆర్వీలోనే కాపురం చేసేవారు కూడా వేసవిలో ఆ ఊరు వదిలి వెళ్లిపోతారు. ఎడారిని ప్రేమించేవారే వెళ్లిపోయే నెలలో, కొత్తగా వచ్చిన పెద్దవాళ్లను మనం అక్కడికి ఎందుకు తీసుకువెళ్లాలి?

మిల్‌పిటస్ కోడలు

చాండ్లర్ నివాసి గారు చెప్పినది ఫీనిక్స్ విషయంలో అక్షరాలా నిజం. అయితే ఎడారి అంతా ఫీనిక్స్ కాదు. ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంటే, అదే రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. జులైలో ఆ అంచు మీద పగటి వేడి 85 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపుల్లో, అంటే 29, 30 డిగ్రీల్లో ఉంటుంది. తెల్లవారుజామున శాలువా కప్పుకోవాలనిపిస్తుంది. యూటాలోని బ్రైస్ కాన్యన్ అంచు 8,000 అడుగులు దాటి ఉంటుంది. కాబట్టి ఏ నెలలో వెళ్తున్నామని కాకుండా ఎంత ఎత్తున ఉంటామని అడగడం మంచిదని నా అభిప్రాయం.

మా అత్తయ్య, మామయ్యలను నిరుడు జూన్‌లో ఆర్వీలో తీసుకువెళ్లాం. కారులో వెళ్లినప్పుడు అత్తయ్య మంచినీళ్లు తాగడం మానేసేవారు. ఎందుకని మేము ఎప్పుడూ అడగలేదు. ఆర్వీ ఎక్కిన రెండో రోజున ఆమె తనంతట తానే చెప్పారు: బాత్‌రూమ్ కోసం బండి ఆపమని కోడలి ముందు, మనవల ముందు అడగడానికి మొహమాటపడి దాహాన్ని ఓర్చుకునేవారట. ఎండదెబ్బ గురించి ఇంతగా మాట్లాడుకుంటున్నాం కదా, ఎడారిలో నీళ్లు తాగకుండా కారులో కూర్చున్న పెద్దావిడకు జరిగే హాని చిన్నదా? బాత్‌రూమ్ వెంట ఉండటం వల్ల ఆమె ఆ యాత్రలో నిశ్చింతగా నీళ్లు తాగారు. ఆర్వీకి నేను ఓటు వేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

టక్సన్ నర్సు

ఆరోగ్యం విషయంలో రెండు పక్షాలూ వదిలేసిన సంగతులు చెబుతాను. పొడి వేడిలో చెమట పట్టినట్టే తెలియదు, చర్మం మీదే ఆరిపోతుంది. అందువల్ల ఎంత నీరు పోయిందో మనిషికి అంచనా ఉండదు. వయసు మీద పడినకొద్దీ దాహం వేయడమూ తగ్గుతుంది. బీపీ కోసం మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడుతున్నవారికి ఇది మరింత ప్రమాదం. ఆ మాత్రలను సొంతంగా ఆపకూడదు. బయలుదేరేముందు డాక్టరుతో మాట్లాడాలి, ఉప్పు ఎంతవరకు వేసుకోవచ్చో కూడా అప్పుడే అడగాలి. ఎందుకంటే వట్టి నీళ్లే పదేపదే తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరగడం, వాంతులు, మాట తడబడటం వంటి లక్షణాలు వస్తాయి. డాక్టరు సరేనంటే ఉప్పు వేసిన పలచని మజ్జిగ ఇవ్వండి.

మీ నాన్నగారు ఇన్సులిన్ వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడుతుంటే, గ్యాసుతో పనిచేసే ఆర్వీ ఫ్రిజ్‌లు విపరీతమైన ఎండలోనూ, బండి ఒక పక్కకు వాలి ఉన్నప్పుడూ సరిగా చల్లబరచవని గుర్తుంచుకోండి. లోపల ఒక థర్మామీటరు పెట్టి, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందో లేదో చూస్తూ ఉండాలి.

మిల్‌పిటస్ కోడలు గారు ఎత్తు గురించి చెప్పినది సరైనదే, అయితే 7,000 అడుగుల ఎత్తున గాలి పలచబడి గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారికి ఆయాసం వస్తుంది. మొదటి రోజు నడకలు పెట్టుకోకండి.

ప్రొద్దుటూరు టీచరమ్మ

నేను రిటైరైన ఉపాధ్యాయురాలిని, వయసు 68. ప్రస్తుతం ఆస్టిన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఇంతమంది మా గురించి మాట్లాడుతుంటే నేను ఊరుకోలేకపోయాను.

నిరుడు 11 రోజులు ఆర్వీలో తిరిగాను. నన్ను అలసిపోయేలా చేసింది ఎండ కాదు. రోజంతా బెల్టు పెట్టుకొని అడ్డంగా ఉన్న సోఫాలో కూర్చోవడం, ప్రతి మలుపులో గిన్నెల చప్పుడు, మోకాళ్ల నొప్పితో ఆ ఎత్తైన మెట్టు ఎక్కి దిగడం నన్ను బాధించాయి. బండి నడుస్తుండగా లేచి తిరగవచ్చని అనుకుంటారు కానీ, అది క్షేమం కాదు. అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. వెయ్యి మైళ్లు ప్రయాణం చేసి మా చెల్లెలి కొడుకు ఇంటికి సాయంత్రం చేరి, మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. వాడి భార్య చేతి వంట ఒక్క పూట తిన్నాను. వాడి బిడ్డ నాకు అలవాటు పడేలోపే సామాను సర్దారు. బాబూ, మీ పట్టికలో అక్క ఇంటికి ఒక్క రాత్రి రాశారు. మీ అమ్మగారిని గ్రాండ్ కాన్యన్ కావాలా, కూతురి ఇంట్లో వారం రోజులు కావాలా అని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి చూడండి. అందరి ముందు అడిగితే ఆమె మీకు నచ్చిన జవాబే చెబుతారు.

నడక విషయంలో మాత్రం మమ్మల్ని తక్కువగా చూడవద్దని మనవి. 66వ ఏట అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరాను. ఆ ధైర్యంతోనే కాన్యన్‌లో బ్రైట్ ఏంజెల్ దారిన దిగడం మొదలుపెట్టాను. గంటలో తెలిసింది నా లెక్క ఎక్కడ తప్పిందో. కొండ ఎక్కేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండగానే కష్టం వస్తుంది, వల్ల కాకపోతే దిగిపోవచ్చు. ఇక్కడ ముందు దిగుతాం, హాయిగా ఉంటుంది, కాళ్లు వాటంతట అవే వెళ్తాయి. అలసిపోయిన చోటు నుంచి ఎక్కడం మొదలవుతుంది. పైగా కిందికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది.

టక్సన్ నర్సు

టీచరమ్మ గారు చెప్పిన ఈ మాటను ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. అంచు మీద 85 డిగ్రీలు ఉన్న రోజున లోయ అడుగున నది ఒడ్డున 105 దాటుతుంది. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని పార్కు రేంజర్లు చెబుతారు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోపలి దారుల్లో నడవవద్దనీ హెచ్చరిస్తారు. పెద్దవారికి అంచు వెంబడి ఉన్న రిమ్ ట్రెయిల్ ఉంది. అది దాదాపు 13 మైళ్లు, చాలా భాగం చదునుగా సిమెంటు బాటలా ఉంటుంది, నడవలేకపోతే ఉచిత బస్సు ఎక్కవచ్చు.

చాండ్లర్ నివాసి

ఎత్తైన చోట్ల సంగతి నేను మొదట రాయకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. జాషువా ట్రీ, డెత్ వ్యాలీ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. 1913 జులై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 56.7 డిగ్రీలు నమోదైన డెత్ వ్యాలీకి జులైలో ఆర్వీలో పెద్దవాళ్లతో వెళ్లకూడదు. ఆ దారిలోని పొడవైన ఎత్తుల్లో ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపుకోవాలని కూడా చెబుతారు.

ఇంకొక సంగతి. మా కాలనీల్లో చాలావాటిలో ఇంటి ముందు ఆర్వీ నిలపడానికి ఇళ్ల యజమానుల సంఘం ఒప్పుకోదు. మీ అక్కగారి ఇంటి దగ్గర బండి ఎక్కడ పెడతారో ముందే కనుక్కోండి. గ్రాండ్ కాన్యన్‌లోని మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగుల లోపు బండ్లకే చోటు, కరెంటు కనెక్షన్ ఉండదు. కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు మూడూ కావాలంటే పక్కనే ఉన్న ట్రెయిలర్ విలేజ్‌లో చోటు చూసుకోవాలి.

ప్లేనో వాసి

అందరికీ కృతజ్ఞతలు. టీచరమ్మ గారు చెప్పినట్టే నిన్న రాత్రి అమ్మను ఒంటరిగా అడిగాను. అక్క ఇంట్లో పది రోజులు ఉండాలని వచ్చిన నాటి నుంచీ అనుకుంటున్నానని, టికెట్టు ఖర్చు గురించి ఆలోచించి అడగలేదని అన్నారు. నేను ఆర్వీ అద్దె కింద రోజుకు రెండు వందల డాలర్లకు పైగా లెక్క వేసుకుంటూ ఉంటే, ఆమె విమానం టికెట్టు గురించి మొహమాటపడుతూ ఉన్నారు.

కాబట్టి ఇలా మార్చాను. అమ్మానాన్నలు ఫీనిక్స్‌కు విమానంలో వెళ్లి అక్క ఇంట్లో పది రోజులు ఉంటారు. తరువాత మేము వెళ్లి అక్కడే ఆర్వీ తీసుకొని, తెల్లవారకముందే బయలుదేరి ఫ్లాగ్‌స్టాఫ్ చేరి, ట్రెయిలర్ విలేజ్‌లో నాలుగు రాత్రులు ఉంటాం. తమ్ముడు శాన్ డియాగో నుంచి అక్కడికే వస్తాడు. జాషువా ట్రీ, డెత్ వ్యాలీ తీసేశాను. బావగారు ఆర్వీ కూడా అక్కర్లేదు, కారూ హోటలూ చాలంటున్నారు. నాన్న బాత్‌రూమ్, అమ్మ వంట దృష్ట్యా ఆ ఒక్కటి నేను ఒప్పుకోలేదు.

అమ్మకు బ్రైట్ ఏంజెల్ దారిన కొంచెమైనా దిగాలని ఉంది. ఆమె కూడా రెండుసార్లు తిరుమల మెట్లెక్కారు.

ప్రొద్దుటూరు టీచరమ్మ

బాబూ, పొద్దున ఆరింటికి తీసుకువెళ్లండి. అంచు నుంచి కొద్ది దూరంలో రాతిలో తొలిచిన మొదటి సొరంగం వస్తుంది. దాన్ని దాటి, అవతల కూర్చుని చూసి, వెనక్కి రండి. ముందుకు పోదామని ఆమె అంటారు. నేనూ అన్నాను.